పురిటి గదిలో మన మాట



రామయ్యపట్నం అంటే నెల్లూరు వైపు ఓడరేవు కడుతున్న రామాయపట్నం అనుకునేరు. అది కాదు. ఇచ్ఛాపురం దాటి, గిరిసోల దగ్గర ఒడిశాలో అడుగుపెట్టాక, పెద్ద రోడ్డు వదిలి సముద్రం వైపు తిరిగితే వచ్చే జాలర్ల ఊరు ఇది. గంజాం జిల్లా, చికిటి తాలూకా. బాహుదా నది సముద్రంలో కలిసేది ఆ దగ్గర్లోనే. బస్సు బోర్డు మీద ఒడియా, రేషన్ కార్డు మీద ఒడియా. ఇంట్లో, పడవ మీద, వల దగ్గర, దెబ్బలాటలో, ఏడుపులో తెలుగు. ఒడియావాళ్ళు ఈ జనాన్ని నోళియాలంటారు. కొన్నేళ్ళుగా సముద్రం ఆ ఊరి ఇళ్ళను మింగుతూ లోపలికి వస్తోంది. అది వేరే ప్రసంగానికి సరిపోయే కథ. ఈవేళ ఆ ఊరి ఆడవాళ్ళ కాన్పుల గురించీ, ఆ కాన్పులు చేసే చేతులకు చదువు చెప్పే బరంపురం వైద్య కళాశాల గురించీ మాట్లాడతాను.

నేను వైద్యురాలిని కాను. బరంపురంలో ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పిన పంతులమ్మని. ఈ విషయం మీద నాకు మాట్లాడే హక్కు ఎక్కడిదంటే, ఒక తప్పు వల్ల వచ్చింది. ముందు అది చెప్పేస్తాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. మా వీధికి ఒకావిడ ఆ తీరం నుంచి చేపల గంప ఎత్తుకొచ్చేది. ఒక పొద్దున గంప లేకుండా వచ్చింది. కోడలికి నెలలు నిండాయట, తొలిచూలట, ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారట. కొడుకు వేటకి పోయాడు. "నువ్వూ రా తల్లీ. ఆళ్ళేటి అడుగుతారో మాకేటి తెల్దు," అంది. వెళ్ళాను. ఏ ఆసుపత్రో చెప్పను. వాళ్ళ తప్పేమీ లేదు.

నర్సు ఒడియాలో అడుగుతోంది. నొప్పులు ఎప్పటినుంచి? ఉమ్మనీరు పోయిందా? ఇదివరకు కాన్పులున్నాయా? నేను తెలుగులో అడిగి, జవాబు ఒడియాలో చెబుతున్నాను. మధ్యలో ఆ పిల్ల నా కొంగు పట్టుకుని, "అమ్మా, కళ్ళ ముందర మిణుగురులు ఎగురుతన్నాయి," అంది. నాకు నవ్వొచ్చింది. పట్టపగలు మిణుగురులేమిటి, భయపడుతోంది అనుకున్నాను. పైగా మిణుగురు పురుగుని ఒడియాలో ఏమంటారో ఆ క్షణాన నాలుకకి తగల్లేదు. నర్సు అడిగిన ప్రశ్న కూడా కాదు కదా అని ఆ మాటని వదిలేశాను.

అరగంట తిరక్కుండా ఆ పిల్ల ఒళ్ళు కొయ్యబారింది. కళ్ళు పైకి పోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మన పల్లెల్లో దాన్ని గుర్రపు వాతం అంటారు. తల్లినీ బిడ్డనీ ఆసుపత్రి వాళ్ళు కాపాడారు. రాత్రి ఆ వార్డులో ఉన్న కుర్ర డాక్టరు నన్ను పిలిచి, "ఫిట్స్ రాకముందు కళ్ళ ముందు మెరుపులు, చుక్కలు కనిపిస్తున్నాయని ఏమైనా అన్నదా?" అని అడిగాడు. అన్నదని చెప్పాను. ఎప్పుడని అడిగాడు. వచ్చీ రాగానే అన్నాను. అతను ఇంకేమీ అనలేదు.

బి.పి. పెరిగి, ఒంట్లో నీరు చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతూ ఉండే ఈ జబ్బులో తలపోటు, డొక్కలో నొప్పి, కళ్ళ ముందు మెరుపులు, ఇవన్నీ మూర్ఛ వచ్చే ముందు తలుపు తట్టే చప్పుళ్ళు. ఆ చప్పుడు విన్నవాళ్ళు మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. సారా కొట్టులో సారాయంత చవక మందది. పోలిక మర్యాదగా లేకపోతే మన్నించండి, అప్పట్లో నాకు తట్టిన పోలిక అదే. 1995లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన, సుమారు 1,700 మంది స్త్రీల మీద, మన దేశంతో సహా తొమ్మిది దేశాల్లో జరిగింది. మూర్ఛని ఆపడంలో ఈ చవక మందే మిగతా వాటికంటే మేలని తేల్చింది. గ్రామాల్లోని నర్సమ్మ, అంటే ఏ.ఎన్.ఎం. కూడా తొలి మోతాదు కండకు ఇచ్చి, పెద్దాసుపత్రికి పంపవచ్చునని మన ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మందు ఉంది. ఇచ్చే చెయ్యీ ఉంది. ఆవేళ మధ్యలో తెగింది నా మాట.

ఇప్పుడు కళాశాల సంగతికి వస్తాను.

బరంపురంలో అందరూ ఎం.కె.సి.జి. అనేది మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల. 1962లో మొదలైంది. ఒడిశాలో కటక్ 1944, బుర్లా 1959, ఆ తర్వాత ఇదే. చాలా కాలం బరంపురం విశ్వవిద్యాలయం కిందే దీని పట్టాలు వచ్చేవి. ప్రసూతి, స్త్రీల వైద్య విభాగం దానిలో పెద్ద చెట్టు లాంటిది. గంజాం, గజపతి, కంధమాల్, రాయగడ నుంచి తల్లులు వస్తారు. సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచీ వస్తారు. జబ్బు ముదిరితే శ్రీకాకుళం కంటే మాకు బరంపురమే దగ్గర అంటారు ఆ ఊళ్ళవాళ్ళు. కాబట్టి అక్కడి పురిటి వార్డులో ఏ రాత్రి చూసినా ఒడియా, తెలుగు, సవర, కుయి, నాలుగు భాషల్లో అమ్మా అనే కేక వినబడుతుంది.

ఈ కళాశాలకు పేరిచ్చిన రాజుగారు పర్లాకిమిడి ప్రభువు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం కావడానికి పాటుపడినవారు. అదే పర్లాకిమిడిలో, అదే రాజుల బడిలో పాఠాలు చెప్పిన పంతులుగారు ఒకాయన ఉన్నారు. గిడుగు రామమూర్తిగారు. 1863లో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం తెలుగువాళ్ళందరికీ తెలుసు. సవరల కోసం చేసింది అంత తెలియదు. ఆ కొండజాతి భాషని వాళ్ళ నోటినుంచే విని నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాచకాలు రాసి, 1931లో ఆ భాషకి వ్యాకరణం లాంటి పుస్తకం, 1938లో నిఘంటువు తెచ్చారు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన నొచ్చుకుని 1936లో రాజమండ్రి వెళ్ళిపోయారు. రాజుగారి మాట నెగ్గింది, పంతులుగారు ఊరు విడిచారు. కాలేజీకి రాజుగారి పేరు వచ్చింది, అది న్యాయమే. నా బుద్ధికి మాత్రం ఆ పురిటి వార్డులో గిడుగువారి అవసరమే ఎక్కువ కనిపిస్తుంది. "ప్రసవానంతర రక్తస్రావము ప్రమాదకరము" అని గోడ మీద రాస్తే రామయ్యపట్నంలో ఎవరికి బోధపడుతుంది? "మాయ పడ్డాక రెండు గుడ్డలు తడిస్తే కేకెయ్యండి" అంటే అందరికీ పడుతుంది. ఆయన జీవితమంతా అరిచింది ఈ తేడా గురించే.

కాన్పుల చదువు ఈ నేలకి కొత్తగా వచ్చింది కాదు. 1936 దాకా గంజాం మద్రాసు రాజధానిలో భాగం. అంటే ఇక్కడివాళ్ళు డాక్టరు కావాలంటే మద్రాసు పోవాలి, 1923 తర్వాత విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలకి పోవాలి. మద్రాసులో ప్రసూతి విద్యకి గురుపీఠంగా నిలిచిన లక్ష్మణస్వామి మొదలియార్ పుట్టింది మన కర్నూల్లో, 1887లో. తమిళుడైనా కర్నూలు బడిలో చదువుకున్నవాడు. ఎగ్మూరు ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఆయన చూసిన కేసులే పాఠాలయ్యాయి. కృష్ణ మీనన్‌తో కలిసి తెచ్చిన ప్రసూతి గ్రంథాన్ని దక్షిణ దేశపు వైద్య విద్యార్థులు తరతరాలుగా మొదలియార్, మీనన్ అనే పిలుస్తారు. పుస్తకం పేరు చాలామందికి గుర్తుండదు. దేశంలో తొలి ప్రసూతి వైద్య మహాసభ కూడా మద్రాసులోనే, 1936లో జరిగింది. గంజాం మద్రాసు చేతిలోంచి జారిన ఏడాది అది.

ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రావడం ఒక ఎత్తు. తల్లులకు అర్థమయ్యే తెలుగులో రావడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని చేసిన వాళ్ళలో కొమర్రాజు అచ్చమాంబగారు నాకు ముందు గుర్తొస్తారు. విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి అమ్మాయి. 1906లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, విజయవాడలో ప్రసూతి వైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు. ప్రసూతి, శిశుపోషణ అంటూ తల్లుల కోసం తెలుగులో పుస్తకం రాశారు. మహిళా కార్యకర్తలకు ప్రథమ చికిత్స నేర్పారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. డాక్టరమ్మ, ఎంపీ, రచయిత్రి అని మూడు బిరుదులు చెబితే ఆమె గొప్పతనం తెలియదు. రోగి ఇంటి భాషలో డాక్టరు రాయడం ఎంత అరుదో తెలిస్తేనే తెలుస్తుంది.

వైద్య కళాశాలలో ఒక విభాగం చేసే పని రెండు రకాలు. ఒకటి కళ్ళకు కనబడేది: ఆపరేషన్లు, కాన్పులు, రక్తం ఎక్కించడాలు. రెండోది కనబడదు. అక్కడ పి.జి. చేసే పిల్లలు ప్రొఫెసర్ దగ్గర నేర్చుకుంటారు. వాళ్ళ దగ్గర హౌస్ సర్జన్లు నేర్చుకుంటారు. రేపు ఆ హౌస్ సర్జనే ఏ కొండ మీది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఒంటరిగా రాత్రి డ్యూటీలో ఉంటాడు. ఏ.ఎన్.ఎం.లకూ నర్సులకూ సురక్షిత ప్రసవంలో 21 రోజుల శిక్షణ అని కేంద్ర ప్రభుత్వం పెట్టింది. ఊళ్ళలో స్త్రీవైద్య నిపుణులు దొరకరు కాబట్టి మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకే 16 వారాల్లో అత్యవసర కాన్పులు, సిజేరియన్ నేర్పే పద్ధతి వచ్చింది. మత్తు ఇవ్వడం నేర్పడానికి 18 వారాల శిక్షణ పెట్టారు. ఇలాంటి శిక్షణలకు బోధనాసుపత్రులే వెన్నెముక. పెద్దాసుపత్రి తన దగ్గరికి వచ్చిన తల్లిని బతికిస్తే సగం పనే. తన దగ్గరికి రానక్కరలేకుండా చికిటిలోనే ఇంకో తల్లి బతికితే మిగతా సగం అయినట్టు.

ఆ 21 రోజుల్లో ఏం నేర్పుతారో ఒక్క ఉదాహరణతో చెబుతాను. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం పారుతూ ఉంటుంది. బిడ్డ బయటపడి, మాయ ఊడిందంటే, ఆ రక్తనాళాలన్నీ నోళ్ళు తెరుచుకున్నట్టే. వాటిని మూసేది కుట్లు కాదు, కట్లు కాదు, గర్భసంచి కండరమే. విసురువల తాడు లాగితే వల నోరు ముడుచుకుంటుంది చూడండి, అలా కండరం బిగుసుకుని నాళాలను నొక్కేస్తుంది. బిగుసుకోకపోతే రెండు మూడు గంటల్లో ప్రాణం పోతుంది. అందుకే బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ సూది ఇవ్వాలి. మాయ పడ్డాక పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడిందా అని చూడాలి, మెత్తగా ఉంటే రుద్దాలి. ఇంతే. మన మంత్రసానులకు ఆ రుద్దడం తెలుసు. సూది లేదు వాళ్ళకి, సబ్బు మీద శ్రద్ధ లేదు. ఈ ఆక్సిటోసిన్ ఎండకు పాడవుతుంది, ఫ్రిజ్‌లో ఉండాలి. తుఫాను వచ్చి నాలుగు రోజులు కరెంటు పోయే తీరంలో అది చిన్న షరతు కాదు.

ఎంత రక్తం పోయిందో చూసి చెప్పడం మరీ కష్టం. కళ్ళతో వేసే అంచనా అసలు పోయినదాంట్లో సగం దగ్గరే ఆగిపోతుంది. కర్ణాటకలో బెళగావి వైద్య కళాశాల వాళ్ళు దీనికి ఒక తేలికైన ఉపాయం చేశారు. తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డ, చివర గరాటు లాంటి సంచి, దాని మీద కొలత గీతలు. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో, 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా కాన్పులతో జరిగిన పరిశోధనలో ఇలాంటి కొలత సంచి పెట్టి, గీత దాటగానే అన్ని చికిత్సలూ ఒక్కసారే మొదలెట్టి చూశారు. తీవ్రమైన రక్తస్రావం నూటికి 60 పాళ్ళు తగ్గింది. పెద్ద యంత్రం ఏమీ అక్కరలేదు. ఒక కాలేజీ విభాగం బుర్రలో పుట్టిన గుడ్డ, మరో ఖండం తల్లులకు పనికొచ్చింది. బరంపురానికి అలాంటి పేరు ఎందుకు రాకూడదు అని నాకు అసూయగా ఉంటుంది. ఉండాలి కూడా.

అంకెలు రెండు చెప్పి ముందుకు పోతాను. లక్ష మంది బిడ్డలు పుట్టేటప్పుడు ఎందరు తల్లులు చనిపోతున్నారనేది లెక్క. ఒడిశాలో 2004-06లో ఆ అంకె 303. 2018-20కి 119. సగానికి పైగా తగ్గింది. అదే సమయానికి ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశం మొత్తం మీద 97. రామయ్యపట్నం నుంచి ఇచ్ఛాపురం ఎంత దూరం? ఒకే సముద్రం, ఒకే చేప, ఒకే మాట. మధ్యలో ఒక గీత. ఆ గీత అటు వైపు తల్లికి ఉన్న భరోసా ఇటు వైపు తల్లికి లేదన్నమాట. ఒడిశాలో ఆసుపత్రి కాన్పులు 2005-06లో నూటికి 36 ఉండేవి. 2019-21 సర్వే నాటికి 92 అయ్యాయి. తల్లులు ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు. అక్కడ వాళ్ళకి దొరికే వైద్యం కూడా అంత పెరిగిందా అన్నదే ఇప్పటి ప్రశ్న.

థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఒక సంగతి చెప్పారు. తల్లి చావుకి మూడు ఆలస్యాలు కారణమన్నారు. వెళ్దామని నిర్ణయించడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స మొదలవడంలో ఆలస్యం. మా తీరానికి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మగాళ్ళు తెల్లవారుజామునే వేటకి పోతారు, కొందరు విశాఖ, చెన్నై పడవల మీద నెలలు నెలలు ఉంటారు. "పెద్దోడు రానీ" అని అత్త అంటుంది. పెద్దోడు సముద్రం మీద ఉన్నాడు, నొప్పులు ఆయన కోసం ఆగవు. అది మొదటి ఆలస్యం. రెండోది దారి. 108 బండి వచ్చాక ఆ కష్టం బాగా తగ్గిందని ఒప్పుకోవాలి. జననీ సురక్ష పథకం కింద పల్లె తల్లికి 1,400 రూపాయలు, 2011 నుంచి ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, ఇంటికి చేర్చడం అన్నీ ఉచితం. ఈ సంగతి ఇప్పటికీ తెలియనివాళ్ళు ఉన్నారు.

తుఫానుల విషయంలో మాత్రం ఒడిశాకి దణ్ణం పెట్టాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఇలాంటి దెబ్బల నుంచి ఇక్కడి యంత్రాంగం నేర్చుకుంది. తుఫాను హెచ్చరిక రాగానే నెలలు నిండిన తల్లుల జాబితా తీసి, గాలి మొదలవకముందే ఆసుపత్రులకు చేర్చేస్తారు. 2024లో దానా తుఫానుకు ముందు నాలుగు వేలకు పైగా గర్భిణులను అలా తరలించారు. ఆశా కార్యకర్త ఆ జాబితాని నెల ముందునుంచే రాసి పెట్టుకుంటుంది. తుఫాను లేని రోజున కూడా అదే జాబితా, అదే బండి పనిచేస్తే బాగుండునని అనిపిస్తుంది కదా.

మూడో ఆలస్యం ఆసుపత్రి లోపలిది. దీనికి నేను నాలుగోదాన్ని కలుపుతాను, పండితులు మన్నించాలి. చెప్పిన మాట అర్థం కావడంలో ఆలస్యం. మిణుగురుల అమ్మాయికి మొదటి మూడూ లేవు. అత్త వెంటనే బయల్దేరదీసింది, ఆటో దొరికింది, నర్సు వెంటనే చూసింది. నాలుగోది నా రూపంలో పక్కనే నిల్చుంది.

కాన్పుతోనే ఆడదాని ఆరోగ్యం అయిపోదు. అయినా పేరు ప్రసూతి అని ఉండటం వల్లేమో, మిగతాది మరుగున పడిపోతుంది. గంప మోసే ఆడవాళ్ళని అడగండి. బాలింత నెల తిరక్కుండా తల మీదికి మళ్ళీ చేపల గంప ఎక్కుతుంది. బరువు మోసీ మోసీ, వరస కాన్పులై, నడివయసు వచ్చేసరికి గర్భసంచి కిందికి జారుతుంది. దగ్గినా తుమ్మినా మూత్రం పడుతుంది. దాని గురించి వాళ్ళు అత్తకి చెప్పరు, మొగుడికి చెప్పరు. కింద గుడ్డ కట్టుకుని పదేళ్ళు అలాగే సంతకి పోతారు. దీనికి వైద్యం ఉంది. లోపల పెట్టే రింగు ఉంది. గర్భసంచిని తీయకుండా పైకి లాగి కట్టే ఆపరేషన్లకు పురందరే, శిరోద్కర్ లాంటి మన దేశపు సర్జన్లే పేరు పొందారు. సిగ్గు అడ్డం రాకపోతే వైద్యంతో తీరే బాధని పదేళ్ళు మోస్తున్నారు.

దీనికి వ్యతిరేకమైన తప్పు సరిహద్దు అవతల జరిగింది. ఆంధ్రలో తెల్లబట్ట అన్నా, నడుం నొప్పి అన్నా, గర్భసంచి తీసేయండి అనే వ్యాపారం ఒకప్పుడు బాగా సాగింది. 2015-16 జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశంలోకెల్లా అదే ఎక్కువ. నలభై దాటకుండానే ముట్టు ఆగి, ఎముకలు గుల్లబారిన ఆడకూలీలు ఆ అంకెలో ఉన్నారు. మా బరంపురం వైపు ఆ జబ్బు పాకకూడదు. ఏ ఆపరేషన్ ఎందుకు చేస్తున్నారో రోగికి రోగి మాటలో చెప్పడం కూడా శిక్షణలో భాగమే అనేది అందుకే. గర్భసంచి తీయడం ముప్పావు గంట పని. తీయనక్కరలేదని ఒప్పించడానికి నాలుగు సార్లు మాట్లాడాలి.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ సంగతి కూడా ఒక్క మాట. ఇంట్లో దొరికే వెనిగర్ లాంటి పలచని ఆమ్లం పూసి, ఒక నిమిషం ఆగి చూస్తే, తేడా ఉన్నచోట తెల్ల మచ్చ కనబడుతుంది. మన దేశంలో చేసిన పెద్ద పరిశోధనలు ఇలాంటి పరీక్షలకు దారి చూపాయి. నర్సు చేయగలదు. ముప్పై దాటిన ప్రతి ఆడదీ చేయించుకోవాలి. రక్తం తక్కువ ఉన్న సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. ఒడిశాలో గర్భిణులలో నూటికి 60 మందికి పైగా ఆ బాధితులే. చేపలమ్మే ఇల్లయినా మంచి చేప సంతకి పోతుంది, ఇంటికి తల మిగులుతుంది. చేప తలలో సారం ఉంది, కాదనను. ఐరన్ మాత్ర మాత్రం మానకండి, మలం నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర పని.

ఆ మిణుగురుల రోజు తర్వాత నేను ఒక నోటుబుక్కు పెట్టాను. మా వీధికి వచ్చే చేపలమ్మల దగ్గర, పెళ్ళిళ్ళలో కలిసే ముసలమ్మల దగ్గర కూర్చుని పురిటి మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. ఎదురుగా ఒడియా మాట, దాని పక్కన డాక్టరు భాషలో అర్థం. కొన్ని చదువుతాను. "మిణుగురులు ఎగురుతన్నాయి" అంటే బి.పి. చూడండి. "కడుపు రాయైపోయింది" అంటే నొప్పి మధ్యలో కూడా పొట్ట మెత్తబడటం లేదు, లోపల మాయ ముందే ఊడిందేమో చూడాలి. "బిడ్డ అలిగింది" అంటే కదలిక తగ్గింది. "అడ్డం పడ్డాది" అంటే బిడ్డ అడ్డంగా ఉంది. "మాయ దిగలేదు", అర్థం చెప్పక్కర్లేదు. "కింద జారతంది" అంటే ఆవిడ ధైర్యం చేసి నోరు విప్పింది, దయచేసి తొందరగా పంపేయకండి. ఆ కుర్ర డాక్టరు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆయన చేతిలో ఈ పుస్తకం పెట్టాలని నా ఆశ.

ప్రసూతి విభాగం పెద్దలకు నా మనవి ఒక్కటే. 21 రోజుల శిక్షణలో ఒక్క పూట ఈ మాటల పాఠానికి ఇవ్వండి. తెలుగు రానివాళ్ళకి ఓ అరవై మాటలు, సవర రానివాళ్ళకి ఓ అరవై మాటలు. గిడుగువారి నిఘంటువు ఉన్న దేశంలో సవర మాటలు దొరకడం కష్టం కాదు. పురిటి బల్ల పక్క గోడ మీద అవి రాసి పెట్టండి. పరీక్షలో ఒక ప్రశ్న ఇవ్వండి. ప్రశ్న ఇస్తేనే పిల్లలు చదువుతారు, ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చెబుతున్నాను.

శ్రోతలకు: మీ ఇంట్లో చూలాలుంటే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, తీసుకెళ్ళండి. బండి కోసం 108. తలపోటు, కళ్ళ ముందు మెరుపులు, ముఖం పొంగడం, రక్తం పోవడం, బిడ్డ కదలకపోవడం, వీటిలో ఒక్కటి కనబడినా మగవాళ్ళు వేట నుంచి వచ్చేదాకా ఆగకండి.

ఇంకొక్కటి. మీ ఊళ్ళో, మీ అమ్మమ్మ నోట, ఇలాంటి పురిటి మాటలు ఇంకేమైనా విని ఉంటే ఒక కార్డు ముక్క మీద రాసి ఈ ఆకాశవాణి కేంద్రానికి పంపండి. నోటుబుక్కులో పేజీలు ఇంకా ఉన్నాయి.